బిస్మార్క్ పొత్తులు

తిరుపతి, శ్రీకాళహస్తి, గూడూరు, నాయుడుపేట చుట్టుపక్కల లూథరన్ సంఘాల్లో పెరిగినవారికి హెర్మన్స్‌బర్గ్ అన్న మాట కొత్త కాదు. ఉత్తర జర్మనీలో, ఒకప్పటి హనోవర్ రాజ్యంలో ఒక పల్లె అది. అక్కడి సంఘకాపరి లుడ్విగ్ హార్మ్స్ 1849లో ఆరంభించిన మిషన్ 1860లలో మన నెల్లూరు సీమకు మనుషులను పంపింది. ఉత్తరాన సాలూరు, పార్వతీపురం, జయపురం వైపు వచ్చిన దొరలది బ్రెక్లుం అనే మరో పల్లె. అది ష్లెస్విగ్ సీమలో ఉంది. ఎండలకూ జ్వరాలకూ ఓర్చి, తెలుగు నేర్చి, బడులు పెట్టి, సంఘాలు కట్టిన ఈ జర్మన్ మిషనరీలు 1914 ఆగస్టులో ఒక్కసారిగా శత్రుదేశస్థులైపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో ఉన్న జర్మన్లలో చాలామందిని అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. మిషనరీలను, వారి కుటుంబాలను 1915, 1916లలో ఓడ ఎక్కించి స్వదేశం పంపేసింది. ఆ ఓడ పేరు గోల్కొండ. పేరు మాత్రం మనదే.

ఐరోపా రాజుల తగవుకు నెల్లూరు సీమ సంఘాలు తమ కాపరులను ఎందుకు పోగొట్టుకోవాలి? జవాబు వెదకాలంటే ఆ యుద్ధానికి 16 యేళ్ల ముందే కన్నుమూసిన ఒక మనిషి జీవితంలోకి వెళ్లాలి. హనోవర్‌ను, ష్లెస్విగ్‌ను ప్రష్యా రాజ్యంలో కలిపేసిన మనిషి ఆయనే. ఓట్టో ఫాన్ బిస్మార్క్. జర్మనీని ఏకం చేసిన ఉక్కు ఛాన్సలర్‌గా మన బడి పుస్తకాల్లో కనబడతాడు. ఆయన ప్రార్థన చేసే మనిషి అని, యుద్ధ శిబిరంలో కూడా మంచం పక్కన దినవాక్యాల పుస్తకం పెట్టుకున్నాడని ఆ పుస్తకాలు చెప్పవు. క్రైస్తవ పాఠకులకు ఆ సంగతి ముఖ్యమని నా ఉద్దేశం.

బిస్మార్క్ 1815 ఏప్రిల్ 1న షోన్‌హాసెన్‌లో ఒక జమీందారు ఇంట పుట్టాడు. గోటింగెన్‌లో, బెర్లిన్‌లో చదివిన రోజుల్లో తాగుడు, జూదం, ద్వంద్వయుద్ధాలు, అప్పులు. ఉద్యోగం నచ్చక పొమెరేనియాలోని పొలాలకు వెళ్లాడు. అక్కడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయనకు పెట్టిన పేరు వెర్రి బిస్మార్క్. దేవుని మీద నమ్మకం అప్పటికే పోయింది.

ఆ ప్రాంతంలోనే భక్తిపరులైన జమీందారు కుటుంబాలు కొన్ని ఇళ్లలో కూడుకొని వాక్యం చదువుకునేవి. ఆ గుంపులో మేరీ ఫాన్ థాడెన్ అనే యువతి బిస్మార్క్ ఆత్మ కోసం భారంతో ప్రార్థించేది. ఆమె బిస్మార్క్ స్నేహితుడు మోరిట్జ్ ఫాన్ బ్లాంకెన్‌బర్గ్‌ను పెళ్లాడింది. 1846 చివరలో ఆమెకు ప్రాణాంతకమైన జబ్బు చేసింది. ఆమె మరణపడక మీద ఉందని విన్నప్పుడు, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి బిస్మార్క్ నోట ప్రార్థన వచ్చింది. మేరీ బతకలేదు. కానీ ఆ ప్రార్థన ఆయనను విడువలేదు. అదే గుంపులోని యోహన్నా ఫాన్ పుట్‌కామర్‌ను తనకిమ్మని ఆమె తండ్రికి రాసిన ఉత్తరంలో తన ఆత్మీయ చరిత్రంతా విప్పి చెప్పుకున్నాడు. 1847 జులైలో పెళ్లయింది. 47 యేళ్ల కాపురం. భార్యకు రాసిన ఉత్తరాలు చదివితే ఆ ప్రేమలో గాని భక్తిలో గాని వేషం కనబడదు.

ఇలాంటి మనిషి 1862 సెప్టెంబరులో ప్రష్యా ప్రధానమంత్రి అయ్యాడు. తొమ్మిదేళ్లలో మూడు యుద్ధాలు జరిగాయి. మూడింటిలోనూ ఫిరంగులకంటే ముందు పనిచేసినవి ఒడంబడికలు, రాయబారాలు, రహస్య మాటలు.

మొదటిది 1864లో, డెన్మార్క్ మీద. ష్లెస్విగ్, హోల్‌స్టయిన్ అనే రెండు సీమలు డెన్మార్క్ రాజు కింద ఉండేవి గాని పూర్తిగా డెన్మార్క్‌లో భాగం కావు. 1852లో లండన్‌లో పెద్ద రాజ్యాలన్నీ దాన్ని ఒప్పుకుని సంతకాలు చేశాయి. 1863 నవంబరులో డెన్మార్క్ ష్లెస్విగ్‌ను తనలో కలుపుకునే రాజ్యాంగం తెచ్చింది. బిస్మార్క్‌కు కావలసింది అదే. ఒప్పందాన్ని కాపాడేవాడి వేషంలో, పాత పోటీదారైన ఆస్ట్రియాను వెంటబెట్టుకుని సేనలు నడిపాడు. డెన్మార్క్ ఒంటరి కాబోదని బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్ అంతకుముందే పార్లమెంటులో మాట ఇచ్చినట్టు మాట్లాడాడు. దాన్ని నమ్ముకుని డేన్స్ బిగుసుకున్నారు. లండన్‌లో మళ్లీ సమావేశం పెట్టి సరిహద్దు గీత గురించి వారాల తరబడి మాట్లాడారు. డేన్స్ రాజీకి రాలేదు, బ్రిటన్ నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. నిలబడే ఉద్దేశం లేకుండా ఇచ్చిన భరోసా ఆ చిన్న దేశానికి ఉన్న దారి కూడా మూసేసింది.

గెలిచిన సీమలను 1865లో గాస్టయిన్ ఒప్పందంతో పంచుకున్నారు. ష్లెస్విగ్ పాలన ప్రష్యాకు, హోల్‌స్టయిన్ పాలన ఆస్ట్రియాకు. ఆస్ట్రియా భాగానికి వెళ్లాలంటే ప్రష్యా దారినే పోవాలి. అన్నదమ్ముల పంపకంలో ఒకడి చేనికి దారి ఇంకొకడి చేను మీదుగా పెడితే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. బిస్మార్క్‌కు కూడా తెలుసు. అదే సంవత్సరం అక్టోబరులో బియారిట్జ్ సముద్రతీరంలో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను కలిశాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ప్రష్యా, ఆస్ట్రియా కొట్టుకుని అలసిపోతే తనకు లాభం అనుకుని నెపోలియన్ పక్కన నిలబడ్డాడు. 1866 ఏప్రిల్‌లో ఇటలీతో రహస్య ఒడంబడిక అయ్యింది. దాని గడువు మూడు నెలలే. ఆ మూడు నెలల్లో యుద్ధం వస్తేనే ఇటలీ తోడుంటుంది. శాంతి కోసం రాసే పత్రానికి అలాంటి గడువు ఎవరూ పెట్టరు.

ఈ దశలోనే ఒక ముసలాయన అడ్డం నిలిచాడు. లుడ్విగ్ ఫాన్ గెర్లాక్, బిస్మార్క్‌కు రాజకీయాల్లో గురువులాంటివాడు, అదే భక్తి ఉజ్జీవంలో పెరిగినవాడు. దేవుని ఆజ్ఞలు ఇంటికే కాదు, రాయబారానికీ యుద్ధానికీ కూడా వర్తిస్తాయని 1866 మే నెలలో తమ పక్షపు పత్రికలోనే బహిరంగంగా రాశాడు. దావీదు దగ్గరకు నాతాను వెళ్లిన సందర్భం మన పాఠకులకు గుర్తు రాక మానదు. దావీదు విన్నాడు. బిస్మార్క్ స్నేహం తెంచుకున్నాడు. తన మనస్సాక్షిలో ఆయన ఒక గోడ కట్టుకున్నాడు. గోడకు ఇవతల భర్త, తండ్రి, ప్రార్థించే విశ్వాసి. అవతల రాజుగారి సేవకుడు; అక్కడ రాజ్యానికి ఏది లాభమో అదే ధర్మం. ఆయన తప్పంతా ఈ గోడలోనే ఉందని నేననుకుంటాను. అవతలివైపు ఆయన చేసినవాటిని ఇవతలి ప్రార్థనలు ఎప్పుడూ ప్రశ్నించలేదు.

1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర నాలుగు లక్షలకు పైగా సైనికులు తలపడ్డారు. ఆస్ట్రియా ఒక్క రోజులో ఓడింది. అక్కడ బిస్మార్క్ తన జీవితంలోకెల్లా మంచి పని ఒకటి చేశాడు. రాజుగారూ సేనాధిపతులూ వియన్నా దాకా వెళ్లి, ఆస్ట్రియా నేల కొంత కోసుకుని తీరాలన్నారు. బిస్మార్క్ వద్దన్నాడు. రేపు ఈ ఆస్ట్రియాతోనే స్నేహం కావాలి, అవమానించి పంపవద్దని వాదించి, వినకపోతే పక్క గదిలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. చివరికి యువరాజు మధ్యవర్తిత్వంతో నెగ్గాడు. ఆస్ట్రియా నుంచి ప్రష్యా ఒక్క ఊరు కూడా తీసుకోలేదు. 13 యేళ్ల తర్వాత ఆ ఆస్ట్రియానే జర్మనీకి మిత్రదేశం అయింది.

ఆస్ట్రియా పక్షం వహించిన హనోవర్ మీద మాత్రం ఆ దయ లేదు. దాని అంధుడైన రాజు ఐదో జార్జిని గద్దె దింపి, రాజ్యాన్ని కలుపుకుని, ఆస్తిని జప్తు చేశారు. ఆ సొమ్ముతో బిస్మార్క్ పత్రికలకు లంచాలిచ్చి తనకు కావలసినట్టు రాయించుకున్నాడు. హెర్మన్స్‌బర్గ్ భక్తులకు అలా రాజు పోయాడు, రాజ్యం పోయింది. తర్వాతి దశకంలో బిస్మార్క్ రోమన్ కేథలిక్ సంఘం మీద పోరాటం పెట్టుకుని, బిషప్పులను జైలుకు పంపి, వివాహాన్ని ప్రభుత్వ రిజిస్టరు కిందకు తెచ్చాడు. ఆ మార్పు వెంట వచ్చిన కొత్త వివాహ క్రమాన్ని ఒప్పుకోలేదని లుడ్విగ్ హార్మ్స్ తమ్ముడు, హెర్మన్స్‌బర్గ్ కాపరి థియోడర్ హార్మ్స్ 1878లో పదవి పోగొట్టుకుని, వేరు సంఘంగా నిలబడ్డాడు. మన నెల్లూరు సీమకు మిషనరీలను పంపుతూ వచ్చిన పల్లెలోనే ఈ గొడవంతా జరిగింది.

మూడో యుద్ధం 1870లో. స్పెయిన్ సింహాసనం ఖాళీ అయితే, ప్రష్యా రాజవంశపు బంధువు లియోపోల్డ్‌ను అక్కడ కూర్చోబెట్టాలని బిస్మార్క్ తెర వెనక పావులు కదిపాడు. రెండు వైపులా ఒకే వంశమైతే తాము నలిగిపోతామని ఫ్రాన్స్ మండిపడింది. జులై 12న లియోపోల్డ్ తరఫున ఆయన తండ్రి వెనక్కి తగ్గాడు. ఫ్రాన్స్ గెలిచింది. అక్కడ ఆగితే చాలు. ఆగలేదు. ఇంకెప్పుడూ ఇలాంటి ప్రయత్నం జరగదని ప్రష్యా రాజు స్వయంగా హామీ ఇవ్వాలని పట్టుబట్టింది. మరునాడు ఎమ్స్ అనే స్నానతీర్థంలో రాజు విల్‌హెల్మ్ నడకకు వెళ్లినప్పుడు ఫ్రెంచి రాయబారి బెనెడెట్టి ఆయనను నిలిపి ఆ మాట అడిగాడు. రాజు మర్యాదగానే కాదన్నాడు. తర్వాత తాను చెప్పవలసింది ఇంకేమీ లేదని కబురు చేశాడు. ఈ సంగతంతా టెలిగ్రాంలో బెర్లిన్‌కు వెళ్లింది.

ఆ రాత్రి బిస్మార్క్ సేనానాయకులు మోల్ట్‌కే, రూన్‌లతో భోజనానికి కూర్చున్నాడు. యుద్ధం తప్పిపోయిందని ముగ్గురూ దిగులుగా ఉన్నారు. టెలిగ్రాం వచ్చింది. సైన్యం సిద్ధమేనా అని మోల్ట్‌కేను అడిగి, సిద్ధమే అన్నాక, బిస్మార్క్ పెన్సిల్ తీసుకుని టెలిగ్రాంను కుదించాడు. ఒక్క అబద్ధపు మాట చేర్చలేదు. మర్యాద ఉన్న మాటలు కొట్టేశాడంతే. మిగిలినది చదివితే రాయబారి రాజును అవమానించినట్టు, రాజు రాయబారిని గుమ్మంలోంచే తిప్పి పంపినట్టు ఉంది. రాత్రికి రాత్రే పత్రికలకు, రాయబార కార్యాలయాలకు వెళ్లిపోయింది. ఊరియా చేతికి దావీదు ఇచ్చిన ఉత్తరంలో కూడా అబద్ధం ఏమీ లేదు. జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. ఆస్ట్రియా, ఇటలీ తోడొస్తాయని అది లెక్క వేసుకుంది గాని, ఎవరి సంతకమూ చేతిలో లేదు. బ్రిటన్ కదలకుండా బిస్మార్క్ ముందే చూసుకున్నాడు. బెల్జియంను మింగడానికి సాయం చేయమని బెనెడెట్టి 1866లో తన చేతికిచ్చిన ముసాయిదాను నాలుగేళ్లు దాచి, సరిగ్గా ఇప్పుడు లండన్ టైమ్స్ పత్రికకు అందించాడు.

ఆగస్టు 16న మార్స్ లా టూర్ దగ్గర బిస్మార్క్ కొడుకులిద్దరూ అశ్వదళంలో శత్రువు తుపాకులకు ఎదురు వెళ్లారు. ఒక కొడుకు పోయాడని, ఇంకో కొడుకు గాయపడ్డాడని కబురొచ్చింది. తండ్రి చీకట్లో గుర్రమెక్కి వెదుకుతూ పోయాడు. పెద్దవాడు హెర్బర్ట్ తొడకు గుండు తగిలి ఒక పొలం ఇంట్లో పడి ఉన్నాడు. చిన్నవాడు బిల్ కింద గుర్రం కూలినా తాను బతికాడు. ఇద్దరూ దక్కారు. ఆ పొలం ఇంటి చుట్టూ పడి ఉన్న మిగతా కొడుకుల తండ్రులకు ఆ రాత్రి గుర్రాలు లేవు.

1871 జనవరి 18న వెర్సాయ్ రాజభవనంలో, ఓడిన ఫ్రాన్స్ నడిబొడ్డున, అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు. మే నెల సంధిలో ఫ్రాన్స్ 500 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నారు. అల్సాస్ సీమను, లొరేన్‌లో ఒక భాగాన్ని ప్రజలను అడగకుండానే జర్మనీలో కలిపేశారు. అయిదేళ్ల కింద ఆస్ట్రియా విషయంలో ఏడ్చి మరీ ఆపిన మనిషి ఈసారి సేనాధిపతులకు లొంగాడు. కొంతవరకు తనకూ కావాలనుకున్నాడు. డబ్బు ఫ్రాన్స్ రెండేళ్లలోనే కట్టేసింది. నేల మాత్రం మరచిపోలేదు.

అక్కడి నుంచి బిస్మార్క్ మారిపోయాడు. జర్మనీకి ఇక యుద్ధం అక్కరలేదన్నాడు, నిజంగానే ఇంకో యుద్ధం చేయలేదు. 1890 వరకు ఆయన చేసిందంతా కాపలా. ఫ్రాన్స్ ఎవరితోనూ జట్టు కట్టకూడదు, ఇదొక్కటే సూత్రం. 1873లో జర్మనీ, ఆస్ట్రియా, రష్యా చక్రవర్తుల కూటమి కట్టాడు. 1878లో రష్యా, టర్కీల తగవు తీర్చడానికి బెర్లిన్‌లో నెల రోజులు పెద్ద రాజ్యాలను కూర్చోబెట్టి యుద్ధం ఆపాడు. గొప్ప పనే. కానీ ఆ బల్ల మీదే బోస్నియాను ఆస్ట్రియా పాలనకు అప్పగించారు. గెలిచిన రష్యా చేతికి వచ్చింది జారిపోయిందని బిస్మార్క్ మీద కోపం పెంచుకుంది. దానికి భయపడి 1879లో ఆస్ట్రియాతో రక్షణ ఒడంబడిక కుదుర్చుకున్నాడు. రష్యా జార్ తన మేనల్లుడని ముసలి చక్రవర్తి సంతకానికి వెనకాడితే రాజీనామా చేస్తానని బెదిరించాడు. 1882లో ఇటలీని చేర్చుకున్నాడు. 1887లో ఆస్ట్రియాకు తెలియకుండా రష్యాతో రహస్య ఒడంబడిక. రష్యా, ఆస్ట్రియా ఇద్దరికీ బాల్కన్ నేల మీద కన్నుంది. ఇద్దరికీ తాను మిత్రుడు. అదే సంవత్సరం నవంబరులో, రష్యా బాండ్లను తాకట్టుగా తీసుకోవద్దని జర్మన్ కేంద్ర బ్యాంకుకు ఆజ్ఞ ఇప్పించాడు. రష్యా అప్పుల కోసం పారిస్ వైపు తిరిగింది. తన ఒడంబడికకు తానే గండి కొట్టుకున్నాడు.

పొత్తులు కట్టిన ప్రతి రాజునూ వేదం తప్పుపట్టదు. అహాబుతో వియ్యమందిన యెహోషాపాతు భక్తిహీనుడేమీ కాదు. కానీ రామోత్గిలాదు యుద్ధంలో రాజవస్త్రాలతో నిలబడి శత్రువు బాణాలకు గురికాబోయింది ఆయనే. పొత్తు కుదిరిన రోజున వచ్చే యుద్ధం ఎవరిదో తెలియదు. బిస్మార్క్‌కు ఇది బాగా తెలుసు. అందుకే ఆస్ట్రియా బాల్కన్ సాహసాలకు వంత పాడనని పదేపదే చెప్పేవాడు. అయితే ఆ హద్దు ఏ పత్రంలోనూ లేదు. ఆయన తలలో ఉంది.

1888లో ఇద్దరు చక్రవర్తులు చనిపోయి, 29 యేళ్ల రెండో విల్‌హెల్మ్ గద్దెనెక్కాడు. 1890 మార్చిలో బిస్మార్క్‌ను సాగనంపాడు. ఆ జూన్‌లోనే రష్యాతో రహస్య ఒడంబడిక గడువు తీరుతుంది. రష్యా పొడిగించమని అడిగింది. కొత్త ఛాన్సలర్ కాప్రివి నిజాయితీగల సైనికుడు. ఇన్ని బంతులు గాలిలో ఎగరేయడం తన వల్ల కాదని వదిలేశాడు. మరుసటి జులైలో ఫ్రెంచి నౌకాదళం రష్యా రేవు క్రోన్‌స్టాట్‌కు వచ్చినప్పుడు, విప్లవమంటేనే పడని జార్ టోపీ తీసి ఫ్రెంచి విప్లవ గీతం విన్నాడు. 1894కల్లా ఫ్రాన్స్, రష్యా సైనిక ఒడంబడిక ఖాయమైంది. 20 యేళ్లు బిస్మార్క్ ఏది రాకూడదని కాపలా కాశాడో అది నాలుగేళ్లలో వచ్చింది.

అదే 1894 నవంబరులో యోహన్నా చనిపోయింది. ఫ్రీడ్రిక్స్‌రూ ఎస్టేటులో ముసలి బిస్మార్క్ కసితో మిగిలాడు. 1896లో ఆ రహస్య ఒడంబడిక సంగతి తానే ఒక హాంబర్గ్ పత్రికకు అందించి బయటపెట్టాడు. దేశానికి అది మేలు చేయలేదు. చాలాకాలం ముందే, 1877లో వార్జిన్‌లోని తన ఇంట ఒక సాయంత్రం, తాను లేకపోతే మూడు పెద్ద యుద్ధాలు జరిగేవి కావని, అన్ని వేలమంది చచ్చేవారు కారని, తన పనివల్ల ఎవరికీ సంతోషం కలగలేదని ఆయన దగ్గరివారితో అన్నట్టు బూష్ అనే అనుచరుడు రాసిపెట్టాడు. ఆ లెక్క దేవునితో తేల్చుకున్నానని కూడా అన్నాడట. దేవునితో తేలిందో లేదో మనం చెప్పగలిగింది కాదు. పొరుగువారితో మాత్రం తేల్చుకోలేదు. 1898 జులై 30న కన్నుమూశాడు.

1904లో బ్రిటన్, ఫ్రాన్స్ పాత తగవులు తీర్చుకున్నాయి. 1907లో బ్రిటన్, రష్యా కూడా. 1908లో ఆస్ట్రియా బోస్నియాను పూర్తిగా కలుపుకుంది. 1914 జూన్ 28న ఆ బోస్నియాలోనే, సరయేవో వీధిలో ఆస్ట్రియా యువరాజు హత్య. బిస్మార్క్ ఎన్నడూ ఇవ్వనన్న భరోసాను ఈసారి బెర్లిన్ షరతుల్లేకుండా ఇచ్చేసింది. ఆస్ట్రియా సెర్బియా మీదికి వెళ్లింది, సెర్బియా కోసం రష్యా కదిలింది. రష్యాతో తలపడాలంటే దాని మిత్రదేశం ఫ్రాన్స్‌ను ముందు కొట్టాలని జర్మన్ సేనల దగ్గరున్న ఒకే ఒక పథకం. దానికి దారి బెల్జియం మీదుగా. బెల్జియం మీద అడుగు పెట్టగానే ఆగస్టు 4న బ్రిటన్, దానితో పాటు మన దేశం యుద్ధంలోకి వచ్చాయి. అహ్మద్‌నగర్ శిబిరం తలుపులు తెరుచుకున్నాయి.

యుద్ధం నడుస్తుండగానే అమెరికాలోని ఒహైయో లూథరన్లు హెర్మన్స్‌బర్గ్ వారి తెలుగు సంఘాల పనిని చేతికి తీసుకున్నారు. తర్వాతి కాలంలో అవే దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం అయ్యాయి. 1919 జూన్ 28న ఓడిన జర్మనీ ప్రతినిధులను సంతకానికి పిలిచింది వెర్సాయ్ రాజభవనంలోని ఆ అద్దాల మందిరానికే. అల్సాస్, లొరేన్ ఫ్రాన్స్‌కు తిరిగిపోయాయి. ఆ సంధిలో 438వ అధికరణం ఒకటుంది. గెలిచిన దేశాల నేల మీద జర్మన్ మిషన్లకు ఉన్న ఆస్తులను అదే విశ్వాసానికి చెందిన ధర్మకర్తల చేతికి అప్పగించాలని అందులో రాశారు.